హోంవర్క్‌కి అరగంటే

మా ఇంట్లో హోంవర్క్‌కి అరగంట. ఆ అరగంటలో ఎంత అయితే అంతే. ఇచ్చిన పది లెక్కల్లో నాలుగే అయినా సరే, పుస్తకం మూసేస్తాం. కింద తారీఖు వేసి, "అరగంట కూర్చుంది, ఇంతవరకూ చేసింది" అని రాసి నేను సంతకం పెడతాను. ఈ సంగతి ఎవరికి చెప్పినా, ఈవిడ పిల్లని చేజేతులా పాడుచేస్తోంది అన్నట్టే చూస్తారు. మా అత్తగారు చూపులతో ఆగలేదు. "ఏటమ్మా, పని సగంలో వదిలెయ్యడం కూడా నేర్పాలా పిల్లకి?" అని అడిగేశారు. ట్యూషన్ మాస్టారు మర్యాదస్తుడు, "అలవాటైపోద్దేమో మేడమ్" అన్నారు. పలాసలో ఉన్న మా అమ్మకి ఫోనులో చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అందరికీ విడివిడిగా జవాబు చెప్పి అలిసిపోయాను కాబట్టి ఒకేచోట రాస్తున్నాను. మా పాపకి ఏడీహెచ్‌డీ ఉంది, అంటే శ్రద్ధ నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే స్థితి. అలాంటి పిల్లల హోంవర్క్‌ని పేజీలతో కొలిస్తే ఇంట్లో రోజూ రగడే. గడియారంతో కొలవాలి. అలాగే, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏ పని తర్వాత ఏ పని అన్న లెక్క పిల్ల బుర్రలోనే ఉండాలని పట్టుబడితే అది జరిగేది కాదు. ఆ లెక్కని గోడ మీదా, గుమ్మం దగ్గరా, పెద్దవాళ్ల చేతుల్లోనూ పెట్టాలి. దీన్ని గారాబం అనేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర కారణాలున్నాయి.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఊరు అటువైపు వెళ్లింది, తెలుగు మాట్లాడే ఇళ్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇక్కడి మా పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు, వాటికి తోడు హిందీ. నేను పలాస నుంచి కోడలిగా వచ్చినదాన్ని. ఒడియా వింటే అర్థమవుతుంది, బజార్లో బేరం ఆడగలను, చదవడం మాత్రం ఇప్పటికీ కూడబలుక్కోవడమే. అందుకే పాప డైరీలో ఒడియా టీచరు రాసేది, మా ఆయన సాయంత్రం వచ్చి చదివి చెప్పేవరకూ నాకు తెలిసేది కాదు. దాదాపు ప్రతిసారీ అదే మాట: "పాఠరె మన దేఉనాహిఁ." పాఠం మీద మనసు పెట్టడం లేదు.

పాపకి పదేళ్లు, ఐదో తరగతి. అల్లరి పిల్ల కాదు. బెంచీలెక్కి దూకదు, ఎవర్నీ కొట్టదు. నెమ్మదిగా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. పెన్సిళ్లు, రబ్బర్లు, ఒక్కోసారి టిఫిన్ డబ్బా మూతలు పారేసుకుని వస్తుంది. ఏడీహెచ్‌డీ అంటే గోడలెక్కే మగపిల్లాడే గుర్తొస్తాడు మనకి. కానీ ఇందులో మూడు రకాలు ఉన్నాయి: ఏకాగ్రత నిలవకపోవడం ప్రధానంగా ఉండేది, ఒకచోట కుదురుగా ఉండలేకపోవడమూ తొందరపాటూ ప్రధానంగా ఉండేది, రెండూ కలిసినది. మొదటి రకం వాళ్లు ఎవరికీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరి కంటా పడరు. ఆడపిల్లలు ఎక్కువగా ఇక్కడే మిగిలిపోతారు. మగపిల్లాడు డైరీ మర్చిపోతే "కుర్రాడు కదా" అంటారు, ఆడపిల్ల మర్చిపోతే "రేపు అత్తారింట్లో ఏం చేస్తావే?" అంటారు. రెండు మాటలూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లవు.

మేము గుణుపురం నుంచి వచ్చే పాసింజరెక్కి విశాఖపట్నం వెళ్లాం. దీనికి రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదని అక్కడే తెలిసింది. ముందుగా కంటిచూపు, వినికిడి, నిద్ర, రక్తహీనత లాంటివి సరిచూస్తారు. ఎందుకంటే సరిగ్గా వినపడని పిల్ల కూడా పరధ్యానంగానే కనిపిస్తుంది. తర్వాత మాకో ఫారం, బడిలో టీచరుకో ఫారం. ప్రపంచమంతా వాడే డీఎస్ఎమ్-5 అనే ప్రమాణం ప్రకారం, ఏకాగ్రతకి సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో కనీసం ఆరు ఉండాలి, ఆరునెలలుగా ఉండాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. ఇల్లు, బడి లాంటి కనీసం రెండు చోట్ల కనిపించాలి. బడిలో మాత్రమే ఉంటే బడి సంగతి చూడాలి, ఇంట్లో మాత్రమే ఉంటే ఇంటి సంగతి చూడాలి. ఈ చివరి నిబంధన నాకు బాగా నచ్చింది. ఫారం చూసి పిల్ల మీద ముద్ర వేసేయకుండా, ముందు చుట్టుపక్కల ఏముందో చూడమంటోంది.

ఇక అసలు తగువు. "చెయ్యలేకపోతే ఒప్పుకుంటాం. అది చెయ్యగలదు, చెయ్యదు" అంటారు. వాళ్ల సాక్ష్యం కూడా బలమైనదే. మా వీధి చివర కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చేసే ఆయన దగ్గర కూర్చుంటే మా పాప గంటసేపు కదలదు. పర్లాకిమిడి కొమ్ము పని చూసినవాళ్లకి తెలుస్తుంది, రొయ్య మీసం ఎంత సన్నగా తీస్తారో. ఆ మీసం తీస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఇంటికొచ్చి అదే బొమ్మ కాగితం మీద వేస్తుంది. అదే పిల్ల ఐదు తీసివేతల దగ్గర కుర్చీలోంచి నాలుగుసార్లు లేస్తుంది.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి "చూశారా, బద్ధకం" అనేస్తారు. ఏడీహెచ్‌డీ స్వభావమే అది. శ్రద్ధ లేకపోవడం కంటే, శ్రద్ధని కావలసినప్పుడు కావలసినచోట నిలపడం రాకపోవడమే దాని చిక్కు. ఆసక్తి, కొత్తదనం, వెంటనే దొరికే ఫలితం ఉన్నచోట శ్రద్ధ తనంతట తనే వస్తుంది. అవి లేనిచోట మిగతా పిల్లలు బుర్రలోంచి కాస్త బలవంతం చేసుకుని కూర్చుంటారు. ఆ బలవంతం చేసే యంత్రాంగమే వీళ్లకి ఆలస్యంగా తయారవుతుంది. 2007లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదడు స్కాన్లు పోల్చి చూశారు. మెదడు పైపొర మందం శిఖరానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సుమారు ఏడున్నర అయితే, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో సుమారు పదిన్నర. మెదడు ఎదిగే వరస అదే, మూడేళ్లు ఆలస్యం. ఆలోచించి అడుగేయడానికి, ఆగడానికి, ముందుచూపుకి పనికొచ్చే నుదుటి వెనక భాగంలో ఈ ఆలస్యం ఎక్కువ. రస్సెల్ బార్క్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లిదండ్రులకి ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతాడు: తనను తాను నడిపించుకునే విషయంలో ఈ పిల్లలు తమ వయసుకంటే సుమారు 30 శాతం వెనకుంటారు. అంటే మా పదేళ్ల పిల్లకి తెలివి పదేళ్లదే, ఒక్కోసారి పన్నెండేళ్లది. సంచీ సర్దుకోవడం, టైము తెలుసుకోవడం, ఒక పని వదిలి ఇంకో పనికి మళ్లడం మాత్రం ఏడేళ్లవి.

ఏడేళ్ల పిల్లకి ఎవరైనా "వెళ్లి రెడీ అవ్వు" అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోతారా? వెళ్లరు. మా ఇంట్లో దినచర్య అంతా ఈ ఒక్క లెక్క మీదే నిలబడింది.

పొద్దుటి పూట ఎక్కువ గొడవయ్యేది బట్టల దగ్గరో స్నానం దగ్గరో కాదని గమనించాను. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఉండే ఖాళీలోనే పిల్ల తప్పిపోతుంది. పళ్లు తోముకోవడం అయ్యాక స్నానాల గది వరకూ నడిచే పది అడుగుల్లో పిల్లి కనిపిస్తుంది, పిల్లి వెనకాల పెరట్లోకి, పెరట్లో చీమలబారు. అందుకని ఖాళీలు తగ్గించాం. యూనిఫాం, సాక్సులు, బెల్టు, రిబ్బన్లు రాత్రే ఒక తట్టలో పెట్టి స్నానాల గది బయట ఉంచుతాం. జడ టిఫిను తినేటప్పుడే వేస్తాను. గుమ్మం పక్కన ఆమె భుజం ఎత్తులో మూడు మేకులు: సంచీకి ఒకటి, నీళ్ల సీసాకి ఒకటి, ఐడీ కార్డుకి ఒకటి. మేకు ఖాళీగా ఉంటే వస్తువు పాప దగ్గర ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చదివి తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. మొదట్లో అట్టమీద పన్నెండు పనుల పట్టీ అందంగా రాసి అంటించారు మా ఆయన. ఎవరూ చూడలేదు, ఆయన కూడా. ఇప్పుడు నాలుగు బొమ్మలే ఉన్నాయి, అవీ పాప వేసినవే, అద్దం పక్కన. పని ఎక్కడ జరుగుతుందో గుర్తుచేసేది కూడా అక్కడే ఉండాలి. పడకగదిలో అంటించిన కాగితం పెరటి గుమ్మం దగ్గర ఎవరికి గుర్తొస్తుంది?

ఇంకోటి, వంటింట్లోంచి అరవడం మానేశాం. "తొందరగా కానీ, బస్సొచ్చేస్తుంది, షూస్ ఎక్కడ, నిన్నటి పరీక్ష పేపరు మీద సంతకం పెట్టించావా" అన్నది మనకి ఒక వాక్యం. దాని చెవికి చేరేవరకూ చివరి ముక్క ఒక్కటే మిగులుతుంది, అది పేపరు వెతుకుతూ కూర్చుంటుంది, బస్సు వెళ్లిపోతుంది. దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, ఒకే పని చెప్పాలి. "షూస్." అంతే. అది అయ్యాక ఇంకోటి. కుక్కరు కూత వేస్తుంటే పరిగెత్తి వెళ్లి భుజం తట్టి రావడం తేలికని నేననను. కానీ పదిసార్లు అరవడానికి పట్టేంత సేపు కూడా పట్టదు.

"ఇలా అన్నీ అమర్చిపెడితే ఎప్పటికి నేర్చుకుంటుంది?" అన్నది మా అత్తగారి ప్రశ్న. ఇంటి వెనక ఆవిడ ఆనపపాదు పెంచుతారు. ఏటా పందిరి ఆవిడే వేయిస్తారు. ఈ తీగకి నిలబడటం ఎప్పుడొస్తుంది అని ఎప్పుడూ అడగలేదు. ఈ మాట నేను ఆవిడతో అనేశాను కూడా. నవ్వారు, ఒప్పుకోలేదు. పిల్లలు తీగలు కారు, ఏదో ఒకరోజు పందిరి తీసెయ్యాలి అన్నారు. అది నిజమే. తీస్తున్నాం కూడా. సంచీ మేకుకి తగిలించమని ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. రిబ్బన్లకి ఇంకా చెప్పాలి. ఏది ఎప్పుడు తీయాలో పిల్లని చూసి తెలుసుకోవాలి, దాని వయసు చూసి కాదు.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి, ఆయన చదివితే చదవనీ. స్కూటరు తాళం, కళ్లజోడు, కరెంటు బిల్లు, వీటిలో ఏదో ఒకటి రోజూ వెతుకుతారు. ఏడీహెచ్‌డీ వంశపారంపర్యంగా బాగా వచ్చేదే. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో జన్యువుల వాటా 70 నుంచి 80 శాతం మధ్య తేలింది. ఆయనకి ఉందో లేదో ఎవరూ పరీక్షించలేదు, ఆయన వెళ్లరు కూడా. కానీ గుమ్మం దగ్గర నాలుగో మేకు ఆయన తాళానికి కొట్టాం. పెంపకం లోపం అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. మన ఊళ్లలో పిల్ల చదవకపోతే తల్లిని అంటారు. అందులోనూ పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి ఒడియా చదవలేని తల్లినైతే మరీ.

భాషల సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. "నాలుగు భాషలు కుక్కితే బుర్ర చెదిరిపోదా?" అని చాలామంది అడిగారు. భాషలు ఎక్కువైతే ఏడీహెచ్‌డీ రాదు. ఈ ఊళ్లో అందరు పిల్లలూ ఆ భాషల్లోనే పెరుగుతున్నారు. హోంవర్క్‌లో మాత్రం భాషల భారం నిజమే. బడిలో ఎక్కాలు ఇంగ్లీషులో చెప్పిస్తారు, ట్యూషన్‌లో "పణికియా" అని ఒడియాలో, ఇంట్లో మా అత్తగారు తెలుగులో. ఏడు ఎనిమిదులు అడిగితే మా పాప ముందు ఏ భాషలో చెప్పాలో వెతుక్కుంటుంది, ఆ వెతుకులాటలో ప్రశ్న జారిపోతుంది. విన్నదాన్ని కాసేపు బుర్రలో పట్టి ఉంచుకునే జ్ఞాపకం ఈ పిల్లలకి ముందే ఇరుకు. ఎక్కాలకి ఒకే భాష అని ఇంట్లో తీర్మానం చేశాం. తెలుగు గెలిచింది, మా అత్తగారి పట్టుదల వల్ల. ఇంగ్లీషు గెలిచినా నాకు అభ్యంతరం ఉండేది కాదు.

ఇప్పుడు ఆ అరగంట దగ్గరికి వస్తాను.

హోంవర్క్ అంటే మనం ఒక పని అనుకుంటాం. విడదీసి చూస్తే, బోర్డు మీద రాసింది డైరీలోకి ఎక్కించాలి. సరైన పుస్తకం సంచీలో వేసుకోవాలి. ఇంట్లో తీయాలి, మొదలుపెట్టాలి, కొనసాగించాలి. అయ్యాక మళ్లీ సంచీలో పెట్టాలి, మర్నాడు అడిగినప్పుడు ఇవ్వాలి. మా పాప రాత్రి చేసిన లెక్కలు సంచీలోనే ఉండగా బడిలో "చెయ్యలేదు" అని నిలబడి ఉన్న రోజులున్నాయి. చెయ్యడం ఒక్కటే చూస్తే ఈ మిగతా మెట్లు కనిపించవు. ట్యూషన్ పెడితే సరిపోతుందని అందరూ చెప్పే సలహా నాకు ఎక్కకపోవడానికి కారణం ఇదే. ట్యూషన్ ఈ గొలుసులో ఏ కొక్కేన్నీ బాగుచెయ్యదు. బడిలో ఆరుగంటలు కూర్చుని ఖాళీ అయిపోయిన పిల్లని ఇంకో రెండు గంటలు ఇంకోచోట కూర్చోబెడుతుంది. మా ఊళ్లో సాయంత్రమైతే సందుసందునా ట్యూషన్లే. ఇరవై మంది పిల్లలు ఒకే చాప మీద గట్టిగా చదువుతుంటారు. మామూలు పిల్లలకి ఆ హోరు అలవాటవుతుంది. మా పాప చేసేదల్లా ఎవరి పెన్సిలు ఏ రంగో చూడటమే. మాన్పించాం.

బడి నుంచి వచ్చాక మరమరాలో అరటిపండో తిని, గంటసేపు వీధిలో ఆట. ఆట ముందు, చదువు తర్వాత. చెమట పట్టేలా పరిగెత్తి వచ్చిన రోజునే కాస్త బాగా కూర్చుంటుంది. దీపాలు పెట్టేవేళకి మొదలుపెడతాం, అంతకంటే ఆలస్యం చేస్తే అందరికీ ఓపిక పోతుంది. వేరే గదిలో తలుపేసి కూర్చోబెట్టం. వంటింటి గుమ్మం దగ్గర చిన్న బల్ల, పక్కన నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, బియ్యం ఏరుతూనో. పక్కన ఒక మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటే వీళ్లకి కుదురు వస్తుంది. చెప్పక్కర్లేదు, సరిదిద్దక్కర్లేదు, ఉంటే చాలు.

టైము వీళ్లకి కనిపించదు. "ఇంకో పది నిమిషాలు" అన్నది వాళ్లకి ఒక శబ్దం. గోడగడియారం అద్దం మీద ఎర్ర టేపు ముక్కలు అంటించాం, పెద్దముల్లు ఒక ముక్కని ముట్టుకుంటే ఒక విడత అయిపోయినట్టు. పది నిమిషాలు రాత, మూడు నిమిషాలు లేచి తిరగడం, మళ్లీ పది, అలా మూడు విడతలు. మొత్తం రాత అరగంట. లెక్కల పేజీ మీద అట్ట పెట్టి ఒక లెక్కే కనిపించేలా చేస్తాం, పదీ ఒక్కసారి చూస్తే మొదలే పెట్టదు. మొదటి లెక్క ఎప్పుడూ తేలికది. వీళ్లకి చెయ్యడం కంటే మొదలుపెట్టడం కష్టం. తేలికది ఒకటి అయిపోతే చెయ్యి కదులుతుంది. ఎక్కాలు, స్పెల్లింగులు నోటితోనే, వసారాలో ఇటూ అటూ నడుస్తూ. ఏడో ఎక్కం వచ్చా రాదా అన్నది తెలియాలంటే ఇరవై వరసలు రాయించక్కర్లేదు. ఒడియా చేతిరాత మా ఆయన వాటా. ఆయన రాకపోతే ఆ రోజుకి ఒడియా లేదు, డైరీలో అదే రాస్తాను.

అరగంట అయ్యాక ఆపడం ఎందుకు? ఆపకపోతే ఏమవుతుందో ఆలోచించండి. మిగతా పిల్లలు ఇరవై నిమిషాల్లో చేసేది మా పాపకి రెండు గంటలు పడుతుంది. ఆ రెండో గంటలో నేర్చుకునేది ఏమీ ఉండదు. ఏడుపు, నా గొంతు పెరగడం, తొమ్మిదింటికి తినాల్సిన అన్నం పదింటికి, నిద్ర ఆలస్యం. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే మర్నాడు ఏకాగ్రత ఇంకా తగ్గుతుంది, హోంవర్క్ ఇంకా సాగుతుంది. పైగా, ఎంతసేపు కూర్చున్నా అయ్యేది లేదని తెలిసిన పిల్ల అసలు ఎందుకు మొదలుపెడుతుంది? టేపు ముక్క దగ్గర కచ్చితంగా ఆగుతుందన్న నమ్మకం కుదిరాకే మా పాప పిలవగానే రావడం మొదలైంది.

మందు వాడుతున్న పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మామూలు మాత్ర నాలుగు గంటలపాటు పనిచేస్తుంది. ఎక్కువసేపు పనిచేసే రకాలున్నా, పొద్దున బడి కోసం వేసిన మాత్ర ప్రభావం దీపాలు పెట్టేవేళకి చాలావరకు ఉండదు. అంటే బడిలో టీచరు చూసే పిల్ల వేరు, సాయంత్రం మాకు దొరికే పిల్ల వేరు. "క్లాసులో బాగానే చేస్తోందే!" అని టీచరు అంటే అది నిజమే, ఇంట్లో చెయ్యలేకపోవడమూ నిజమే. ఇక మందు వాడాలా వద్దా అన్నది ఇంటింటికీ డాక్టరుకీ మధ్య విషయం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు ఆరేళ్లలోపు పిల్లలకి ముందు తల్లిదండ్రులకి శిక్షణే ఇవ్వమంటాయి, ఆరు దాటినవాళ్లకి మందూ శిక్షణా రెండూ కలిపి. మనదేశంలో ఆ మందు నియంత్రణలో ఉన్నది, చీటీ లేనిదే ఇవ్వరు, చిన్న ఊళ్లలో అన్ని షాపులవాళ్లూ తెప్పించరు. మందు అనగానే మత్తు అనుకుని భయపడేవాళ్లూ, మందు ఉంటే మేకులూ టేపులూ ఎందుకనేవాళ్లూ ఇద్దరూ పొరబడుతున్నారని నా అభిప్రాయం. మాత్ర కూర్చోబెట్టగలదు. సంచీ సర్దదు.

చక్కెర మానిపిస్తే తగ్గుతుందన్న మాట వాట్సాప్‌లో ఏడాదికోసారైనా వస్తుంది. 1995లోనే అప్పటివరకూ జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి, చక్కెరకీ పిల్లల ప్రవర్తనకీ సంబంధం కనిపించలేదని తేల్చారు. లేహ్యాల గురించి నేను వాదించను. మా అత్తగారు సంతోషం కోసం ఒకటి తెచ్చారు, పాపకి రుచి నచ్చలేదు, ఆవిడే తింటున్నారు.

బడివాళ్లతో నా వాదన వేరు. మొదట్లో హోంవర్క్ పూర్తికాని రోజున పాపని డ్రిల్ పీరియడ్‌కి పంపకుండా క్లాసులో కూర్చోబెట్టి రాయించేవారు. కదలక తప్పని పిల్లకి ఉన్న ఒక్క కదలికా తీసేసి, తర్వాత పీరియడ్‌లో కుదురుగా లేదని రాసేవారు. నేను వెళ్లి కొట్లాడలేదు. కేంద్ర విద్యాశాఖ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో హోంవర్క్ గురించి ఒక పేజీ ఉంటుంది. రెండో తరగతి వరకూ హోంవర్క్ వద్దు. మూడు నుంచి ఐదు తరగతులకి వారానికి మించితే రెండు గంటలు. ఆరు నుంచి ఎనిమిదికి రోజుకి గంటకి మించకూడదు. అది ప్రింటు తీసి పట్టుకెళ్లాను. మా ఇంట్లో రోజుకి అరగంట అంటే బడి ఉన్న ఐదారు రోజుల్లో రెండున్నర మూడు గంటలు. ప్రభుత్వం చెప్పినదానికంటే మేమే ఎక్కువ చేయిస్తున్నాం! టీచరు ఆ కాగితం ఇంతకుముందు చూడలేదట. చెడ్డ మనిషి కాదు, యాభైమంది పిల్లలతో ఒక్కతే. పూర్తిచేసిన లెక్కలకే మార్కు వెయ్యడానికి, డ్రిల్‌కి పంపడానికి ఒప్పుకుంది. రోజు చివర డైరీ ఒకసారి చూసి టిక్కు పెట్టడానికి కూడా ఒప్పుకుంది, ఆ టిక్కే నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. ఏ పుస్తకం రావాలో అదే వస్తోంది.

ఇదంతా టీచరు మంచితనం మీద ఆధారపడటం మాత్రం నాకు మింగుడుపడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. ఆటిజం ఉంది, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులున్నాయి. ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో మాత్రం ఉంది. ఉందో లేదో వెతకడానికి ఒక పథకం, ఉందని తేలాక పరీక్షలో కాస్త ఎక్కువ టైము అడగడానికి పేరే లేని చట్టం. చదవడంలో ఇబ్బంది, అంటే డిస్లెక్సియా లాంటిది కూడా తోడైతే ఆ సర్టిఫికెట్టు మీద దొరుకుతుంది, లేకపోతే బతిమాలుకోవాలి.

ఈ ఊళ్లో బతిమాలాల్సి రావడం ఇంకాస్త చివుక్కుమనిపిస్తుంది. గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేసింది ఇక్కడే. చుట్టుపక్కల కొండల్లోని సవర పిల్లలకి వాళ్లకు రాని భాషలో పాఠం చెబితే ఎక్కడం లేదని, తనే సవర భాష నేర్చుకుని, అందులో వాచకాలు తయారుచేసి, బడులు పెట్టించారు. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి దండలు వేస్తాం. పిల్లకి తగ్గట్టు పాఠాన్ని మార్చిన మాస్టారు నడిచిన వీధుల్లో, పది లెక్కలు ఐదు చెయ్యండి అని అడగడానికి నేను పాలసీ ప్రింటు తీసుకెళ్లాల్సి వచ్చింది.

వచ్చే ఏడాది ఆరో తరగతి. ఒక్క టీచరు బదులు ఆరుగురు ఉంటారు, ఆరు నోటుపుస్తకాలు, ఆరు రకాల డైరీ రాతలు. ఇప్పుడున్న ఏర్పాటులో సగం పనికిరాదు, అది తెలుసు. ప్రతి సబ్జెక్టుకీ ఒక రంగు అట్ట వేసి, ఒకే సంచీలో అన్నీ రోజూ తీసుకెళ్లడమా, బడిలో ఒక జత ఉంచమని అడగడమా అన్నది ఇంకా తేలలేదు. బరువు సంగతి పాలసీలోనే ఉంది కాబట్టి రెండోది అడుగుతాను. ఆరుగురికీ ఇవ్వడానికి ఒకే పేజీ ఉత్తరం రాసి పెట్టుకున్నాను: పాపకి ఏముంది, ఏం పనిచేస్తుంది, ఇంట్లో ఎంతసేపు కూర్చుంటుంది, ఏ శిక్ష వద్దు. తెలుగులో రాశాను, ఇంగ్లీషు నేనే చేసుకున్నాను. ఒడియా ప్రతి మా ఆయన రాయాలి. వేసవి సెలవుల్లోగా అని ఒప్పుకున్నారు, గడియారం పక్కన టేపుతో ఆయనకీ ఒక తారీఖు అంటించాం.